నీలి చారల తండ్రికి ఎర్ర చారల కొడుకు: ప్యాంథర్ ఊసరవెల్లుల్లో రంగు ఎవరి నుంచి వస్తుంది?

వాసు_టాంపా

అందరికీ నమస్కారం. నా దగ్గర ఒక అంబిలోబె మగ ప్యాంథర్ ఊసరవెల్లి ఉంది. ఒళ్లు లేత పసుపు, చారలు ముదురు నీలం, పెదవి అంచున తెల్లగీత. దానికి జత కోసం నిరుడు ఒక పెంపకందారు దగ్గర ఎదిగిన ఆడదాన్ని కొన్నాను. అదీ అంబిలోబెయే అని చెప్పి ఇచ్చారు. జత కట్టాయి, గుడ్లు పెట్టింది, ఎనిమిది నెలలకు పిల్లలు వచ్చాయి. వాటిలో మూడు మగపిల్లలను నేనే ఉంచుకున్నాను.

ఇప్పుడు వాటికి రంగు తేలే వయసు వచ్చింది. ఒకటి అచ్చం తండ్రి. రెండోదాని చారలు ఊదా. మూడోది చూస్తే మతి పోయింది. చారలు ఇటుక ఎరుపు, ఒళ్లు ఆకుపచ్చ, కంటి చుట్టూ నారింజ గీతలు. తండ్రి పోలిక ఆ తెల్లపెదవి ఒక్కటే.

ఇంటర్లో చదివిన మెండెల్ బఠాణీల పట్టిక తీసి లెక్క వేశాను. నీలం బహిర్గతం (డామినెంట్), ఎరుపు అంతర్గతం (రిసెసివ్) అనుకుంటే సరిపోతోంది. తిరగేసి వేసినా సరిపోతోంది. ఇంతకీ ఈ రెండింటిలో ఏది బహిర్గత లక్షణం? తెలిసినవారు చెప్పగలరు.

పాతకాపు_డాలస్

వాసు గారూ, ముందు ఆ నాలుగు గళ్ల పట్టిక మూసేయండి. అది బాల్ పైథాన్ పాముల దగ్గర, లెపర్డ్ గెకో బల్లుల దగ్గర బాగా పనిచేస్తుంది. అక్కడ ఆల్బినో లాంటి లక్షణం ఒకే జన్యువులో వచ్చిన మార్పు. ఉందా లేదా, ఒక ప్రతి ఉందా రెండున్నాయా అంతే. ఆ లెక్క చేసిపెట్టే వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి. అక్కడి నుంచి ఇటు వచ్చినవాళ్లంతా మీరు అడిగిన ప్రశ్నే అడుగుతారు.

ప్యాంథర్లలో చార రంగు, ఒంటి రంగు, చార వెడల్పు, తల మీది చుక్కలు అన్నీ చాలా జన్యువులు కలిసి తేల్చేవి. అందుకే పిల్లల్లో నీలం, ఎరుపు అని రెండు గుంపులు విడిగా రావు. నడుమ ఊదా, మెరూన్, అరచార నీలం అరచార ఎరుపు, ఇలా అన్ని మెట్లూ కనిపిస్తాయి. మీ రెండో పిల్ల ఊదా చారలే దీనికి సాక్ష్యం. ఒక్క జన్యువు కథ అయితే ఆ ఊదా ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంకో సంగతి. అంబిలోబె అన్నది మార్ఫ్, అంటే ఏరి పెంచిన రంగు రకం, కాదు, ఊరు. మడగాస్కర్ ఉత్తరాన ఉంటుంది. ఆ ప్రాంతపు ప్యాంథర్లలో నీలి చారలవీ, ఎర్ర చారలవీ అడవిలోనే పక్కపక్కన తిరుగుతాయి. నోసీ బే ద్వీపంలో మగవి దాదాపు అన్నీ నీలిపచ్చ. అంబాంజాలో పచ్చటి ఒంటి మీద నీలం, ఊదా చారలు. టమటావె వైపు ఎరుపు ఎక్కువ. ఇవన్నీ ఒకే జాతి పేరు కింద, 1829లో క్యువియే పెట్టిన పార్డాలిస్ పేరు కింద ఉన్నాయి. వీటిలో అంబిలోబె ఒక్కటే ఇంత కలగాపులగం. ‘నీలి చారల అంబిలోబె’ అని అమ్మేది మనుషులు ఏరి ఏరి జత కట్టించిన వరస. కొన్ని తరాలు అలా ఏరినా లోపల ఎరుపు పూర్తిగా పోదు.

ఇక అసలు మాట. మీరు తండ్రి రంగు వర్ణించారు, పిల్లల రంగు వర్ణించారు. తల్లి గురించి ‘అదీ అంబిలోబెయే’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. పిల్లల జన్యువుల్లో సగం ఆమెవి కదా?

వాసు_టాంపా

పాతకాపు గారూ, తల్లి గురించి రాయడానికి ఏముందండీ? ఆడవన్నీ ఒకేలా ఉంటాయి. గోధుమ వన్నె, కాస్త గులాబీ రంగు. గుడ్లతో ఉన్నప్పుడు మాత్రం నల్లబడి, మీద నారింజ మచ్చలు తేలాయి.

పాతకాపు_డాలస్

అందుకే అడిగాను. ఆడదాని ఒంటి మీద చార రంగు కనిపించదు. కనిపించనంత మాత్రాన లేనట్టు కాదు. పాడి పశువుల వాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. ఆంబోతు పాలివ్వదు, అయినా దాని విలువను కూతుళ్లు ఇచ్చే పాలతోనే కడతారు. ఇక్కడ అదే తిరగబడింది. ఆడ ప్యాంథర్ ఏ రంగు మోస్తోందో దాని తండ్రిని, అన్నదమ్ములను, కొడుకులను చూస్తేనే తెలుస్తుంది.

నేను ఆడదాన్ని కొనేటప్పుడు దాని ఫొటో అసలు అడగను. దాని తండ్రి ఫొటో, దాని తల్లికి తండ్రి ఫొటో, ఎదిగిన అన్నదమ్ములుంటే వాళ్లవీ అడుగుతాను. ఇవ్వలేనివారి దగ్గర కొనను. ధర ఎంత తగ్గించినా సరే.

నిక్కచ్చి_నాయుడు

పాతకాపు గారి మాట కాదనను. కానీ అంతా తల్లి జన్యువుల మీదికి తోసేసే ముందు వాసు గారిని ఒకటి అడగాలి. ఆ ఆడది మీ ఇంటికి వచ్చేటప్పటికే ఎదిగినది అన్నారు. అంతకుముందు దేనితోనైనా జత కట్టించారా?

ఊసరవెల్లి ఆడవి ఒకసారి జత కట్టాక వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలవు. మళ్లీ మగదాన్ని చూడకుండానే ఇంకో విడత గుడ్లు పెడతాయి, వాటిలోంచి పిల్లలూ వస్తాయి. ప్యాంథర్లలోనూ, ఇంకో జాతి ఊసరవెల్లులైన వీల్డ్‌లలోనూ ఇది పెంచేవాళ్లందరికీ అనుభవమే. మీ మగదానితో జత కట్టింది కాబట్టి పిల్లలన్నీ దానివేనని ఎలా చెప్పగలరు? ఒకే విడతలో ఇద్దరు తండ్రుల పిల్లలూ ఉండవచ్చు.

ఆ మూడోదాన్ని ‘నీలి చారల వరస’ అని అమ్మకానికి పెట్టకండి. దాన్నే కాదు, దాని అన్నదమ్ములనూ పెట్టకండి.

వాసు_టాంపా

ఆ కోణం తట్టలేదు. అమ్మినవారికి ఇప్పుడే రాశాను. చూద్దాం. ఆ తెల్లపెదవి మాత్రం అచ్చం నా మగదానిదేనండీ.

నిక్కచ్చి_నాయుడు

అంబిలోబె మగవాటిలో చాలావాటికి తెల్లపెదవి ఉంటుంది. కోర్టులో నిలవదు.

కవిత_జన్యు

ఈ చర్చలో ఒక మెట్టు కిందికి దిగితే మేలు. ‘నీలం జన్యువు’, ‘ఎరుపు జన్యువు’ అని మాట్లాడుతున్నాం కానీ, ఊసరవెల్లి చర్మంలో నీలం అనే రంగుపదార్థమే లేదు.

చర్మంలో పైపొరలో పసుపు, ఎరుపు రంగులు నింపుకొన్న కణాలు ఉంటాయి. వాటి కింద ఇరిడోఫోర్లు, అంటే గ్వానిన్ అనే పదార్థపు స్ఫటికాలను వరసగా పేర్చుకొన్న కణాలు. ఇంకా కింద మెలనిన్ నిండిన నల్లటి కణాలు, చేతులు చాచినట్టు పైకి పాకి ఉంటాయి. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు ప్యాంథర్ల మీదే చేసిన పనిలో తేలింది ఏమిటంటే, స్ఫటికాల మధ్య ఎడం తక్కువైతే నీలం కాంతి తిరిగి వస్తుంది, ఎడం పెరిగితే పసుపు, నారింజ, ఎరుపు వైపు జరుగుతుంది. జంతువు ప్రశాంతంగా ఉంటే దగ్గరగా, ఇంకో మగదాన్ని చూసి రెచ్చిపోతే దూరంగా. ఆకుపచ్చగా ఉన్న ఒళ్లు నిమిషాల్లో పసుపుకు తిరగడం ఇలాగే. దాని కిందే ఇంకో రకం ఇరిడోఫోర్ల పొర ఉంది. అది పరారుణ కాంతిని తిప్పికొడుతుంది, ఎండ వేడి ఒంట్లోకి దిగకుండా ఆపుతుందని వాళ్ల అభిప్రాయం.

ఇప్పుడు వాసు గారి పిల్లలకు వద్దాం. స్ఫటికాలు నీలం తిప్పికొడుతున్న చోట, పైన పసుపు ఉంటే మనకు కనిపించేది ఆకుపచ్చ. ఆ పసుపు లేకపోతే నీలం. పైన ఎరుపు దట్టంగా ఉంటే చార ఎరుపు. ఎరుపు పలచగా ఉండి కింది నీలం తొంగిచూస్తే ఊదా. మూడు పిల్లలకూ కింది పొర ఒకటే కావచ్చు, తేడా పైపొరలో ఎంత ఎరుపు చేరింది, ఏ చారలో చేరింది అన్నదానిలోనే ఉండవచ్చు. ఎరుపు కణాలు ఎన్ని, అవి ఎక్కడ స్థిరపడతాయి, స్ఫటికాల పరిమాణం ఎంత, మెలనిన్ ఎంత: వీటిలో ప్రతిదాన్నీ వేర్వేరు జన్యువులు నడుపుతాయి. అందుకే నీలానికీ ఎరుపుకీ బహిర్గతం ఏది అని అడిగితే జవాబు రాదు. అవి ఒకే లక్షణానికి రెండు ముఖాలు కావు.

తిండి ప్రభావం కూడా మరిచిపోవద్దు. పసుపు, ఎరుపు రంగుల్లో కొంత భాగం కెరోటినాయిడ్లది. వాటిని జంతువు సొంతంగా తయారు చేసుకోలేదు, తిండి నుంచే రావాలి. కీచురాళ్లకు క్యారెట్, ఆకుకూరలు పెట్టి మేపినవారి ప్యాంథర్లకూ, ఉత్త తవుడుతో మేపినవారి ప్యాంథర్లకూ తేడా కనిపిస్తుంది. ఆ తేడా పిల్లలకు దిగదు.

సుధీర్_లెస్టర్

కవిత గారి రాత చదివాక అమ్మకపు ఫొటోల మోసం ఇంకా బాగా అర్థమైంది. మగదానికి అద్దం చూపించి, అది ఒళ్లు ఉబ్బించి రంగులన్నీ విప్పిన క్షణంలో ఫొటో తీస్తారు. ఆ పైన కెమెరాలో ఎరుపు పెంచుతారు. ఇంటికి తెచ్చుకున్నాక అది కొమ్మ మీద పచ్చగా కూర్చుంటే కొన్నవాడు లబోదిబోమంటాడు.

వాసు గారూ, మీ మూడు పిల్లలనూ పోల్చాలంటే పొద్దున్నే, దీపం వెలిగించిన కాసేపటికి, ఒకదాన్నొకటి చూడకుండా, ఒకే చోట ఒకే వెలుగులో ఫొటో తీయండి. పక్కన తెల్లకాగితం పెట్టండి. ఫొటోలో ఆ కాగితం పసుపుగానో నీలంగానో వస్తే రంగు నమ్మకండి. ఇంకోమాట: పుట్టి ఏడాది దాటేదాకా ఏ రంగూ ఖాయం కాదు. నా దగ్గర ఒకటి ఏడు నెలలప్పుడు ఎర్ర చారలతో ఉండి, ఏడాదిన్నరకు మెరూన్ దాటి నీలం వైపు వెళ్లింది.

లక్ష్మి_హ్యూస్టన్

నేను ప్యాంథర్లు పెంచను, వీల్డ్ ఊసరవెల్లులు. యెమెన్, సౌదీ వైపువి, నెత్తిన టోపీలాంటి ఎముక ఉండేవి. ‘ఊసరవెల్లుల్లో మెండెల్ లెక్క ఎక్కడా పనిచేయదు’ అన్నట్టు మాట పోతోంది కాబట్టి రాస్తున్నాను. మా వాటిలో ఒక లక్షణం ఆ లెక్కకు చాలా దగ్గరగా నడుస్తుంది. ఒంటి మీద అక్కడక్కడ రంగు లేని తెల్ల మచ్చలు. పైబాల్డ్ అంటారు, ట్రాన్స్‌లొకేషన్ అని కూడా అమ్ముతారు.

మచ్చల మగదాన్ని మామూలు ఆడదానితో జత కడితే మొదటి తరంలోనే మచ్చల పిల్లలు వచ్చాయి, మామూలువీ వచ్చాయి. నడుమ ఊదాలు, మెరూన్‌లు లాంటివి లేవు. మచ్చ ఉంది, లేదా లేదు. అయితే మచ్చ ఎక్కడ వస్తుందన్నది మాత్రం చెప్పలేను. తండ్రికి కుడి ముందుకాలు మొత్తం తెలుపు, ఒక కొడుకుకు తోక చివర, ఒక కూతురికి నెత్తిన టోపీ మీద వేలెడంత.

కవిత_జన్యు

లక్ష్మి గారూ, సరైన సమయానికి వచ్చారు. రంగుకణాలు పిండంలో వెన్ను వెంట ఉండే నాడీశిఖ కణాల నుంచి పుట్టి, అక్కడి నుంచి ఒళ్లంతా వలస పోతాయి. పైబాల్డ్ అంటే చాలా జంతువుల్లో ఆ వలస దెబ్బతినడమే. అవి చేరని చోట తెలుపు. జన్యువు చెప్పేది వలస సరిగా సాగదు అని మాత్రమే. ఏ పిల్లలో ఏ చోటికి చేరలేదన్నది ఆ పిండంలో జరిగిన యాదృచ్ఛికం. అందుకే లక్షణం వారసత్వంగా వస్తుంది, మచ్చ పటం రాదు. నాడీశిఖ కణాలను పరిశోధించేవాళ్లు వీల్డ్‌ను ఇష్టపడేది కూడా దీనికే. పెట్టిన గుడ్డులో పిండం ఇంకా చాలా తొలిదశలో ఉంటుంది, వలస మొదలు నుంచీ చూడవచ్చు.

లింగ నిర్ణయం కూడా ఈ రెండింటిలో వేరు, పట్టిక వేసేవారికి పనికొస్తుంది. వీల్డ్‌లలో మనలాగే ఎక్స్, వై. ప్యాంథర్లలో పక్షుల్లాగా జెడ్, డబ్ల్యూ: మగదానికి జెడ్‌లే, ఆడదానికి జెడ్‌తోపాటు డబ్ల్యూ. ఆ ఆడదాని జెడ్ తన తండ్రి ఇచ్చినదే, దాన్ని తన కొడుకులందరికీ ఇస్తుంది. అంటే వాసు గారి మగపిల్లల్లో ప్రతిదాని దగ్గరా తల్లికి తండ్రైన తాత జెడ్ ఉంది. పాతకాపు గారు తల్లి తండ్రి ఫొటో అడగడం అనుభవంతో వచ్చినా, క్రోమోజోమ్‌ల లెక్కలోనూ దానికి ఒక కారణం ఉంది.

పాతకాపు_డాలస్

నేను అడిగేది వేరే కారణానికమ్మా, కానీ ఇది విని ఛాతీ ఉబ్బింది.

చింతచెట్టు_గుంటూరు

చాలా రోజులుగా చదువుతున్నాను, ఈరోజు అడుగుతున్నాను. మా తోటలో చింతచెట్టు మీద అప్పుడప్పుడు ఊసరవెల్లి కనిపిస్తుంది. పచ్చనిది, కొన్నిసార్లు పసుపు, మచ్చలు. దాన్నే ఒక జంట తెచ్చి ఇలా రంగు కోసం పెంచితే మన దేశంలోనూ మంచి వరస వస్తుంది కదా? అక్కడ వేల రూపాయలు పెట్టి కొనడం దేనికి?

నిర్వాహకులు

చింతచెట్టు గారూ, దాని జోలికి వెళ్లకండి. మీరు చూస్తున్నది భారతీయ ఊసరవెల్లి, కమీలియో జైలానికస్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దానికి రక్షణ ఉంది. పట్టడం, పెంచడం, అమ్మడం అన్నీ నేరమే. ప్యాంథర్, వీల్డ్ విదేశీ జాతులు, సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నవి. మన దేశంలో అలాంటివాటిని ఉంచుకొనేవారు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, పిల్లలు పుడితే అదీ తెలపాలి. ఈ వేదికలో భారత్ నుంచి కొనుగోలు, అమ్మకం మాటలు అనుమతించం.

చెట్టు మీద ఉన్నదాన్ని ఫొటో తీసి పెట్టండి, సంతోషంగా చూస్తాం.

సుధీర్_లెస్టర్

పాతకాపు గారూ, ఒక సందేహం. అంబిలోబె మగదాన్ని నోసీ బే ఆడదానితో జత కడితే ఇంకా గాఢమైన నీలం రాదా? ఇక్కడ ‘నోసీలోబె’ అంటూ ఒకరు అమ్ముతున్నారు. అందంగానే ఉన్నాయి.

పాతకాపు_డాలస్

వస్తే వస్తుంది. మొదటి తరం అందంగానే ఉంటుంది కూడా. తంటా ఆ తర్వాత మొదలవుతుంది. ఆ జతకు పుట్టిన ఆడపిల్లలు చూడ్డానికి ఏ ప్యాంథర్ ఆడదానిలాగైనా ఉంటాయి. రెండు చేతులు మారేసరికి కాగితాలు పోతాయి. మూడో చేతిలో అది ‘అంబిలోబె ఆడది’ అయిపోతుంది. దానికి పుట్టిన కొడుకు ఎదిగాక, ఇదిగో వాసు గారిలాగే ఎవరో ఒకరు తల పట్టుకుంటారు.

2015లోనే ఇంకో పని జరిగింది. మడగాస్కర్‌లో 324 ప్యాంథర్ల నుంచి రక్తపు చుక్క తీసి, ఫొటోలు తీసి పోల్చారు. ప్రాంతాల మధ్య జన్యు దూరం ఎంతగా ఉందంటే, ఒకే జాతి అనుకున్నది 11 జాతులు కావచ్చని రాశారు. ఫొటోలోని రంగును బట్టి అది ఏ వరసదో చాలావరకు కంప్యూటర్ పట్టేసింది కూడా. అడవిలో అంతకాలం విడిగా ఉన్నవాటిని మనం వంటింట్లో కలిపేయడం నాకు నచ్చదు. కలిపేవాళ్లు కలపండి, కానీ పేరు నిజం రాసి అమ్మండి.

అలాగని ఇటు చివరికీ పోవద్దు. నీలం గాఢం కావాలని అన్నాచెల్లెళ్లను జత కట్టేవాళ్లున్నారు. రంగు కుదురుతుంది, దానితోపాటు పొదగని గుడ్లు, వంకర తోకలు, బతకని పిల్లలు కూడా కుదురుతాయి. వాసు గారూ, ఆ ముగ్గురి చెల్లెళ్లు ఎవరి దగ్గరున్నాయో రాసి పెట్టుకోండి. అవి మళ్లీ మీ మగదాని దగ్గరికే రాకూడదు.

వాసు_టాంపా

అమ్మినవారి నుంచి జవాబు వచ్చింది. ఆడదాని తండ్రి ఫొటో పంపారు. నీలి చారలే, కానీ వీపు మీద చారల నడుమ ఎర్రటి చుక్కలు దట్టంగా ఉన్నాయి. రెండో సంగతి, నాకు అమ్మక ముందు దాన్ని ‘కొద్ది రోజులు’ ఇంకో మగదాని పంజరంలో ఉంచారట. గుడ్లు పెట్టలేదు కాబట్టి చెప్పాల్సిన అవసరం అనిపించలేదట. ఆ మగది ఎర్ర చారలది.

నిక్కచ్చి_నాయుడు

చెప్పాల్సిన అవసరం అనిపించలేదట! దాన్నిబట్టి చూస్తే ఎర్ర చారలవాడే తండ్రి.

పాతకాపు_డాలస్

నాయుడు గారూ, తొందరపడకండి. తల్లి తండ్రి వీపు మీద అంత ఎరుపు ఉంటే, అది కూతురి ద్వారా మనవడి చారల్లోకి దిగడానికి రెండో మగది అక్కర్లేదు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి. మిగిలిన మగపిల్లలు ఎవరెవరి దగ్గరున్నాయో వాళ్లను ఎదిగాక ఫొటోలు పంపమనండి. నీలం నుంచి ఎరుపు దాకా నడుమ మెట్లన్నీ ఉంటే తండ్రి ఒక్కడేననే వైపు మొగ్గుతాను. తండ్రిని పోలినవి కొన్ని, ఇటుక ఎరుపువి కొన్ని అని చీలిపోతే నాయుడు గారి వైపు. అప్పటికీ తేలకపోవచ్చు. ఆ ఆడదానికి వచ్చే ఏడు మగదాన్ని చూపించకుండా ఉంటే, అది పెట్టే గుడ్లలోంచి పిల్లలు వచ్చినా దాచుకున్నది ఎవరి వీర్యమో మీకు తెలియదు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. విశ్రాంతి ఇవ్వండి, ఆడ ప్యాంథర్లకు వరసగా గుడ్లు పెడితే ఆయుష్షు తగ్గుతుంది.

నీలం వరస నిలబెట్టాలనుకుంటే చిన్న పిల్లప్పుడే ఒక ఆడదాన్ని కొని మీ ఇంట్లోనే పెంచండి. తండ్రి, తాత ఫొటోలతో సహా.

వాసు_టాంపా

సరేనండీ. ఎర్ర చారలవాణ్ణి నేనే ఉంచుకుంటాను, మా పాప దానికి పేరు కూడా పెట్టేసింది. ఊదా చారలదాన్ని మాత్రం ఇవ్వాలి, పంజరాలు చాలడం లేదు. ప్రకటన ఇలా రాశాను, చూసి చెప్పండి:

‘మగ ప్యాంథర్, 100 శాతం అంబిలోబె. నీలి చారల తండ్రి. తల్లికి తండ్రి ఫొటో ఉంది. తల్లి అంతకుముందు ఎర్ర చారల మగదానితో ఉంది, కాబట్టి తండ్రి ఎవరో ఖాయంగా చెప్పలేను. రంగు ఇంకా మారవచ్చు.’

నిక్కచ్చి_నాయుడు

‘100 శాతం’ తీసేయండి. ఆ ఎర్ర చారల మగది ఏ ఊరిదో అడిగారా?

వాసు_టాంపా

అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

సుధీర్_లెస్టర్

‘నీలి చారల తండ్రి’ అని ముందు రాసి, రెండు వాక్యాల తర్వాత తండ్రి ఖాయం కాదంటే కొనేవాడు మొదటిదే చదువుతాడు. ఆ వాక్యం కూడా కిందికి దించండి. పొద్దుటి ఫొటో ఒకటి, అద్దం చూపించిన ఫొటో ఒకటి, రెండూ పెట్టండి.